బాలుర ఉన్నత పాఠశాలలో సంగీతం: గొంతు మారే వయసు పిల్లలకు నేర్పే పద్ధతి, వేదిక ఎక్కించే మార్గాలు

జిల్లా పరిషత్ బాలుర ఉన్నత పాఠశాలలో ఆరో తరగతిలో చేరే పిల్లవాడికి సుమారు 11 ఏళ్లు, పదో తరగతి పరీక్ష రాసి వెళ్లే పిల్లవాడికి 15 లేదా 16 ఏళ్లు ఉంటాయి. మగపిల్లల గొంతు మారేది ఈ అయిదేళ్లలోనే. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే ‘స’ నుంచి పై ‘స’ వరకు ఉన్నంత దూరం, కిందికి దిగుతుంది. కొందరికి ఈ మార్పు కొద్ది నెలల్లో ముగిస్తే, మరికొందరికి ఏడాదికి పైగా పడుతుంది. బాలుర బడిలో సంగీతం నేర్పదలచుకున్నవారు తమ ఏర్పాట్లన్నీ ఈ మార్పును దృష్టిలో పెట్టుకునే చేసుకోవాలి. చాలా చోట్ల అలా జరగడం లేదు. ఆరు, ఏడు తరగతుల్లో చక్కగా పాడిన పిల్లలు ఎనిమిదిలో గొంతు బొంగురుపోగానే ప్రార్థన పాడే వరుసలోంచి తప్పుకుంటారు, వాళ్లను మళ్లీ ఎవరూ పిలవరు, గొంతు కుదుటపడేనాటికి వాళ్లకు పాట మీద ఆశే పోయి ఉంటుంది.

ఆ తప్పు నేనూ చేశాను. నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. సంగీతం పోస్టు లేని బడుల్లోనే పనిచేసి, నాకు వచ్చిన కొద్దిపాటి కర్ణాటక సంగీతంతో పిల్లలకు పాటలు నేర్పాను. ఒక ఏడాది ఆగస్టు 15న ఎనిమిదో తరగతి పిల్లవాడి చేత దేశభక్తి గేయం పాడించాను. అంతకుముందు సంవత్సరం అదే పాటను అదే శ్రుతిలో అతను హాయిగా పాడాడు కనుక, ఈసారి శ్రుతి, అంటే పాటకు ఆధారమైన ‘స’ ఎక్కడ పెట్టుకోవాలన్నది, సరిచూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. చరణంలో పై షడ్జం, అంటే పై ‘స’, దగ్గర అతని గొంతు చీలిపోయింది, మైదానమంతా నవ్వింది. ఆ తరువాత ఎన్నిసార్లు అడిగినా అతను పాడలేదు. హార్మోనియం మీద రెండు మెట్లు కిందికి దిగి ఉంటే ఆ పిల్లవాడి పాట నిలిచేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ కింద చెప్పే పద్ధతి అక్కడి నుంచే మొదలైంది.

మొదటి పని: ప్రతి పిల్లవాడి శ్రుతి తెలుసుకోవడం

జూన్‌లో బడులు తెరిచిన మొదటి రెండు వారాల్లో, పాడాలన్న ఇష్టం ఉన్న ప్రతి విద్యార్థినీ ఒక్కొక్కరిగా పిలిచి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కేటాయించాలి. మిగిలిన పిల్లలు ఆ గదిలో ఉండకూడదు, ఎందుకంటే ఈ వయసు పిల్లలకు తోటివాళ్ల నవ్వు కంటె పెద్ద భయం మరొకటి ఉండదు. ముందుగా ఇరవై నుంచి ఒకటి వరకు మామూలుగా అంకెలు చెప్పించాలి. మాట్లాడే గొంతు ఏ మెట్టు దగ్గర ఆడుతున్నదో అప్పుడే తెలిసిపోతుంది. ఆ తరువాత తెలిసిన పాట ఒకటి, శ్రుతి ఇవ్వకుండా, అతనికి వీలైన చోట ఎత్తుకోమనాలి. పిల్లవాడు తనంతట తాను ఎత్తుకున్న శ్రుతి చాలావరకు అతనికి సరిపోయేదే అయి ఉంటుంది. చివరగా అక్కడి నుంచి స్వరాలు పైకీ కిందికీ పలికించి, ఎక్కడ మెడ నరాలు బిగుసుకుంటున్నాయో, ఎక్కడ గాలి తప్ప నాదం రావడం లేదో చూసుకోవాలి.

హార్మోనియం మీద సి అనే తెల్లమెట్టును ‘స’గా పెట్టుకుంటే ఒకటో శ్రుతి, దాని పై తెల్లమెట్లు వరుసగా రెండు, మూడు, నాలుగు, ఐదు శ్రుతులు. గొంతు మారని పిల్లలు సాధారణంగా నాలుగు, ఐదు శ్రుతుల దగ్గర తేలికగా పాడతారు. గొంతు పూర్తిగా మారిన పదో తరగతి పిల్లలు ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య కుదురుకుంటారు. మధ్యలో ఉన్నవారికి స్థిరమైన శ్రుతి అంటూ ఉండదు. వారికి ఇబ్బంది లేకుండా పలికే స్వరాలు కొంతకాలం అయిదారుకు మించవు, అవి కూడా నెలనెలా కిందికి జరుగుతూ ఉంటాయి. అందువల్ల ఈ పరీక్షను ఏడాదికి ఒకసారి చేసి ఊరుకోకూడదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ప్రతి నెలా ఒక నిమిషం వెచ్చించి మళ్లీ చూసి, ఫలితాన్ని నోటుబుక్కులో పేరుకు ఎదురుగా తేదీతో సహా రాసుకోవాలి. హార్మోనియం లేని బడిలో ఫోనులోని ఉచిత శ్రుతిపెట్టె యాప్ సరిపోతుంది.

గొంతు మారుతున్న పిల్లవాడికి మూడు విషయాలు స్పష్టంగా చెప్పాలి. ఇది రోగం కాదు, అందరికీ వచ్చేదే. మెల్లగా, గొంతును బలవంతపెట్టకుండా పాడితే ఏ హానీ జరగదు, కాబట్టి పాట మానవలసిన అవసరం లేదు. అరవడం, పాత శ్రుతినే పట్టుకుని పైకి తోయడం మాత్రం చేయకూడదు. ఈ మూడు మాటలూ తరగతి మొత్తానికి ఒకసారి జీవశాస్త్ర ఉపాధ్యాయుడి చేత చెప్పించడం ఇంకా మంచిది. నవ్వే పిల్లలు కూడా రేపు తమ వంతు వస్తుందని గ్రహిస్తారు.

ఎవరికి ఏమి నేర్పాలి

సంగీతం పోస్టు లేని బడిలో దొరికే సమయం చాలా కొద్ది. ఉదయం అసెంబ్లీకి ముందు పది నిమిషాలు, శనివారం చివరి రెండు పీరియడ్లు ప్రధానోపాధ్యాయుల అనుమతితో సంపాదించుకోగలిగితే ఒక ఏడాదికి చాలినంత పని జరుగుతుంది. కళా సాంస్కృతిక విద్యకు సహపాఠ్యాంశాల్లో చోటుంది, 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేని రోజులుగా ఉండాలని చెప్పింది. అనుమతి అడిగేటప్పుడు ఈ రెండూ ప్రస్తావిస్తే పని సులువవుతుంది. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే పాడించకూడదు.

ఆరు, ఏడు తరగతుల వారికి పురందరదాసు ఏర్పరచినట్టుగా సంప్రదాయం చెప్పే క్రమాన్నే మాయామాళవగౌళ రాగంలో మొదలుపెట్టవచ్చు: సరళీ వరుసలు, ఆపైన జంట వరుసలు, అలంకారాలు అనే తొలి స్వర పాఠాలు. ఈ వయసు గొంతుకు తార షడ్జం, అంటే పై ‘స’, సులభంగా అందుతుంది కనుక ఒక స్థాయి మొత్తం పాడించడానికి ఇదే అదను. ఒకటో కాలంలో, అంటే నెమ్మది నడకలో, శుద్ధంగా పలికేవరకు రెట్టింపు వేగమైన రెండో కాలం జోలికి పోకూడదు. పిల్లలు వేగాన్ని ఇష్టపడతారు, కాని వేగంలో రిషభ ధైవతాలు, అంటే ‘రి’, ‘ధ’ స్వరాలు, జారిపోవడం నేను చాలా చోట్ల విన్నాను.

గొంతు మారుతున్న పిల్లలను అదే వరుసలో కూర్చోబెట్టి పై షడ్జం అందుకోమనడం అన్యాయం. వారికి షడ్జం నుంచి పంచమం (‘ప’) వరకే ఆరోహణ, అక్కడి నుంచి అవరోహణ, అదీ వారికి వీలైన శ్రుతిలో చాలు. వారి అసలు చదువు ఈ కాలంలో లయ మీద సాగాలి. ఆదితాళాన్ని చేతితో వేయించడం, ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, తిప్పు రెండుసార్లు, మొత్తం ఎనిమిది అక్షరాలు నిలకడగా నడిపించడం మొదటి మెట్టు. తరువాత నోటితో తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి అనే జతులను అదే తాళంలో అమర్చడం నేర్పాలి. వీటిని చెప్పడానికి గొంతు శ్రావ్యంగా ఉండనక్కరలేదు, చీలినా ఎవరికీ తప్పుగా వినిపించదు, పైగా ఎనిమిదో తరగతి కుర్రవాళ్లకు ఈ లెక్కల మీద గట్టి ఆసక్తి ఉంటుంది. మూడు నాలుగు నెలలు జతులు చెప్పిన పిల్లవాడి చేతికి కంజీర గాని, డోలక్ గాని ఇస్తే అతను చాలా త్వరగా అందుకుంటాడు.

వాద్యాల విషయంలో బడి తన ఊరిని చూసుకోవాలి. బొబ్బిలి దగ్గర పనస కర్రతో వీణలు చేసే కుటుంబాలు ఉన్నంత మాత్రాన ప్రతి బడీ వీణ కొనలేదు, కొనవలసిన పనీ లేదు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు, రాయలసీమలో చెక్కభజన, తెలంగాణలో ఒగ్గుడోలు ఎక్కువగా మగవారు గుంపుగా కట్టి ఆడుతూ పాడుతూ వచ్చిన కళలు. బాలుర బడికి ఇంతకంటె తగినవి వెతికినా దొరకవు. ఊళ్లోని పెద్ద కళాకారుణ్ణి వారానికి ఒకసారి పిలిచి, శాలువాతో సరిపెట్టకుండా, రానుపోను ఖర్చుతో పాటు తగిన గౌరవ వేతనం కూడా ఇచ్చి నేర్పించుకోవాలి. డప్పు గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. డప్పు వాయించే పనిని ఒక కులం పిల్లలకే వదిలి, మిగిలినవారు చూస్తూ నిలబడే ఏర్పాటు బడిలో ఉండనే కూడదు. డప్పు నేర్పితే జట్టులోని ప్రతి పిల్లవాడూ దానిని భుజానికి తగిలించుకోవాలి, నేర్పిన గురువును పిల్లలందరూ గురువుగారనే పిలవాలి. ఇది పాటించలేని చోట డప్పు కార్యక్రమం పెట్టకపోవడమే మేలు.

ప్రతిభ ఉన్న పిల్లలు ఎక్కడ ఉన్నారో కూడా వెతకాలి. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే పిల్లవాడు, శనివారం భజన మందిరంలో తాళాలు పట్టే పిల్లవాడు, పెళ్లి బ్యాండులో పనిచేసే తండ్రి వెంట వెళ్లి సైడు డ్రమ్ము నేర్చుకున్న పిల్లవాడు, దర్గా ఉరుసులో ఖవ్వాలీ విని పెరిగిన పిల్లవాడు ఒకే తరగతిలో పక్కపక్కనే కూర్చుని ఉంటారు, కాని బడికి ఆ సంగతి తెలియదు. మొదటి వారంలో ఇంట్లో, ఊళ్లో ఎవరు ఏమి పాడతారు, ఏమి వాయిస్తారు అని అడిగితే అన్నీ బయటికి వస్తాయి. పాటల ఎంపిక కూడా ఈ పిల్లలందరినీ దృష్టిలో పెట్టుకుని జరగాలి.

అసెంబ్లీ అనే రోజువారీ వేదిక

పిల్లలు ప్రతి ఉదయం పాడే జాతీయ గీతాన్ని చాలా బడులు సంగీతంగా పరిగణించవు. దానిని 52 సెకన్లలో, ఒకే శ్రుతిలో, స్పష్టమైన ఉచ్చారణతో పాడించగలగడమే మొదటి సాధన. ఆ పాట వరుసకు మన నేలతో అనుబంధం ఉంది: 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు ఐరిష్ వనిత మార్గరెట్ కజిన్స్ ఆ వరుసను స్వరలిపిలో రాసుకున్నారు. ఈ సంగతి పిల్లలకు చెబితే పాట మీద శ్రద్ధ పెరుగుతుంది.

ఈ గీతం కింద మంద్ర నిషాదాన్ని (కింది స్థాయి ‘ని’ని) తాకి, ‘జయహే’ దగ్గర తార షడ్జాన్ని అందుకుంటుంది, అంటే ఒక స్థాయి కంటె కొంచెం ఎక్కువ దూరం. నేర్పేవారు తమ గొంతుకు వీలైన ఐదు శ్రుతిలో ఎత్తుకుంటే పెద్ద పిల్లలకు పైభాగం అందదు, వాళ్లు మధ్యలో శ్రుతి వదిలి కిందికి దిగిపోతారు, వరుస మొత్తం చెడిపోతుంది. ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య షడ్జం పెట్టుకుంటే ఆరో తరగతి వారు పై స్థాయిలో, పదో తరగతి వారు కింది స్థాయిలో, ఇద్దరూ ఒకే షడ్జం మీద సుఖంగా పాడగలుగుతారు. గొంతు మారుతున్నవారు ‘జయహే’ దగ్గర పై స్వరం అందకపోతే పెదవులు కదిపి ఊరుకోవచ్చని వారికి ముందే అనుమతి ఇవ్వాలి. పాట మొదలుపెట్టే ముందు అయిదు సెకన్లు శ్రుతి వినిపించడం తప్పనిసరి నియమంగా పెట్టుకోవాలి. రికార్డు పెట్టి దాని వెంట పాడించడం నాకు సమ్మతం కాదు. రికార్డు ఉన్నచోట పిల్లలు వినడం మానేసి గొణగడం అలవాటు చేసుకుంటారు.

మైకు వాడితే ఒకటి లేదా రెండు మైకులు స్టాండు మీద, ముందు వరుసకు రెండు మూడు అడుగుల దూరంలో పెట్టాలి. చేతికి మైకు ఇస్తే దానిని పట్టుకున్న ఒక్కడి గొంతు మాత్రమే వినిపించి మిగిలిన ఇరవై మంది శ్రమ వృథా అవుతుంది.

ఏడాది పొడవునా వచ్చే అవకాశాలు

ఆగస్టు 15, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 5, నవంబరు 14, జనవరి 26, పాఠశాల వార్షికోత్సవం అన్ని బడుల్లోనూ వచ్చేవే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2024 డిసెంబరు నుంచి మొదలైన మెగా పేరెంట్ టీచర్ మీటింగు కూడా ఒక మంచి వేదిక, ఎందుకంటే అక్కడ వినేవారు తల్లిదండ్రులే. ఒక్కో సందర్భానికి ఒక్కో జట్టును ముందుగానే అనుకుంటే ఏడాదిలో కనీసం అరవై డెబ్బై మంది వేదిక ఎక్కుతారు. అన్నిటికీ ఆ నలుగురు పిల్లలనే పంపే అలవాటును ప్రధానోపాధ్యాయులు ఒప్పుకోకూడదు.

ఆగస్టు 15కు బుర్రకథ చెప్పించడం నాకు అన్నిటికంటె ఇష్టమైన ఏర్పాటు. కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు, చేతి అందెలు ఉంటే చాలు. గొంతు కుదురుకున్న తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి కథకుడిగానూ, గొంతు మారుతున్న ఇద్దరిని వంతలుగానూ పెడితే, వంతల పాట కొద్ది స్వరాల్లోనే తిరుగుతుంది కనుక వాళ్లకు ఇబ్బంది ఉండదు. మాటకారితనం ఉన్న పిల్లవాడు హాస్యపు వంతలో రాణిస్తాడు. బొంగురు గొంతు అక్కడ లోపంగా కనిపించదు. కథ పన్నెండు నిమిషాలు మించకుండా, జిల్లాకు చెందిన స్వాతంత్ర్య సమరయోధుడి జీవితం మీద పిల్లలే రాసుకునేలా చూడాలి. జూలై మొదటి వారంలో మొదలుపెడితే సమయం సరిపోతుంది.

బడి బయట అన్నిటికంటె ముఖ్యమైనది కళా ఉత్సవ్. కేంద్ర విద్యాశాఖ 2015లో ప్రారంభించిన ఈ పోటీలు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి విద్యార్థులకు; జిల్లా, రాష్ట్ర స్థాయిలు దాటినవారు జాతీయ స్థాయికి వెళతారు. గాత్రం, వాద్యం రెండు విభాగాలూ ఇందులో ఉన్నాయి. విభాగాల వివరాలు, సమయ పరిమితి ఏటా కొంత మారుతూ ఉంటాయి కనుక ఆ ఏటి సర్క్యులరు చదవకుండా సాధన మొదలుపెట్టకూడదు. తొమ్మిదో తరగతి పిల్లవాడి గొంతు ఇంకా కుదురుకోకపోతే అతణ్ణి ఆ ఏడాది గాత్రానికి పంపవద్దు. వాద్యానికి గాని లయవాద్యానికి గాని పంపి, పదో తరగతిలో గాత్రం గురించి ఆలోచించాలి. నెలనెలా రాసుకున్న నోటుబుక్కు ఈ నిర్ణయానికి ఆధారం అవుతుంది.

దీనికి భిన్నంగా, సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అంటే సీసీఆర్‌టీ, ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనం 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. గొంతు మారకముందే, ఆరు ఏడు తరగతుల్లోనే దీనికి దరఖాస్తు చేయించాలి. గురువు దగ్గర నేర్చుకుంటున్న పిల్లలకే ఇది వర్తిస్తుంది. ఈ సంస్థకు హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆలస్యం చేస్తే వయసు దాటిపోయి మంచి పిల్లలు నష్టపోతారు.

డ్రమ్ములు, బ్యూగిళ్లతో కవాతు బ్యాండు ఉన్న బడులకు జాతీయ పాఠశాల బ్యాండు పోటీలు ఉన్నాయి. విద్యాశాఖ, రక్షణశాఖ కలిసి గణతంత్ర దినోత్సవ సందర్భంగా నిర్వహించే ఈ పోటీల్లో బాలురకు బ్రాస్ బ్యాండు, పైపు బ్యాండు వేర్వేరు విభాగాలుగా ఉంటాయి. వాద్యాల ఖర్చు ఎక్కువ కనుక అన్ని బడులకూ ఇది వీలుపడదు. ఆకాశవాణి కేంద్రం దగ్గరలో ఉన్న బడి పిల్లల కార్యక్రమం కోసం బడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి అడగవచ్చు.

పుష్య బహుళ పంచమినాడు మన పట్టణాల్లో జరిగే త్యాగరాజ ఆరాధనలు పిల్లలకు తలుపులు తెరిచే ఉంచుతాయి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవంలోనే జరిగింది. నిర్వాహకులను డిసెంబరులోనే కలిసి, బడి జట్టుకు ఉదయం పూట పది నిమిషాలు అడిగితే సాధారణంగా కాదనరు. త్యాగరాజు పెద్ద కృతులైన పంచరత్నాలు పాడగలిగితేనే వెళ్లాలన్న సంకోచం అక్కరలేదు. ఆయనవే, తేలికగా భజన ధోరణిలో సాగే దివ్యనామ కీర్తనలు రెండు శ్రుతిశుద్ధంగా పాడినా చాలు.

సంగీతాన్నే చదువుగా తీసుకోదలచిన పిల్లవాడికి ప్రభుత్వ సంగీత కళాశాలల సంగతి చెప్పాలి. విజయనగరంలో 1919లో స్థాపించిన కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఘంటసాల చదువుకున్నది అక్కడే. విజయవాడ, హైదరాబాదు, సికింద్రాబాదు, వరంగల్లులో కూడా ఇలాంటి కళాశాలలు ఉన్నాయి, తిరుపతిలోని కళాశాలను తిరుమల తిరుపతి దేవస్థానం నడుపుతుంది. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా కోర్సులను మామూలు చదువు సాగిస్తూనే చదువుకోవచ్చు.

ఖర్చు, నోటుబుక్కు

ఒక హార్మోనియం, రెండు కంజీరలు, ఒక డోలక్, ఆరు జతల తాళాలతో ఏ బడి అయినా మొదలుపెట్టవచ్చు. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జరిగే రోజున ప్రస్తుత పిల్లల చేత ఒక పాట పాడించి, కావలసిన వాద్యాల పట్టిక ధరలతో సహా వారి చేతికి ఇస్తే, డబ్బు కంటె వస్తువులుగానే ఇవ్వడానికి చాలామంది ముందుకు వస్తారు. వచ్చిన ప్రతి వాద్యాన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసే బాధ్యతతో పాటు, శనివారం తీసి పిల్లల చేతికి ఇచ్చే బాధ్యత కూడా ఒకే ఉపాధ్యాయుడికి అప్పగించాలి.

శ్రుతుల నోటుబుక్కు ఆ ఉపాధ్యాయుడి సొంత ఆస్తి కాదు. ఏ పిల్లవాడు ఏ నెలలో ఏ శ్రుతిలో పాడాడు, ఎవరి గొంతు ఎప్పుడు మారడం మొదలైంది, ఎవరు ఏ వాద్యం పట్టారు, ఏ సందర్భంలో ఎవరు వేదిక ఎక్కారు అన్నది అందులో ఉంటుంది. బదిలీ మీద వెళ్లేటప్పుడు దానిని కొత్తగా వచ్చినవారికి గాని, ప్రధానోపాధ్యాయులకు గాని అప్పగించి, గొంతు మారే దశలో ఉన్న పిల్లల పేర్ల కింద గీత గీసి చూపించి వెళ్లాలి.